గాన్‌స్టెడ్ చెయ్యి, ఫూర్ స్ప్రింగు

నడుం పట్టేసినవాడి కోరికలు చిన్నవి. వంగి చెప్పులు తొడుక్కోవాలి, ఆటో ఎక్కి దిగాలి, రాత్రి పక్క మీద అటునుంచి ఇటు తిరగాలి. వెన్నుపూసల మీద చెయ్యి వేసి ఆ మాత్రం సాయం చేస్తామనే పద్ధతులు కైరోప్రాక్టిక్‌లో పదుల కొద్దీ ఉన్నాయి. వాటిలో రెండింటిని ఎదురెదురుగా కూర్చోబెడితే మిగతావాటి గుట్టు చాలావరకు తెలిసిపోతుంది. ఒకటి అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని మౌంట్ హోరెబ్ అనే చిన్న ఊళ్ళో క్లారెన్స్ గాన్‌స్టెడ్ తీర్చిన పద్ధతి. రెండోది పొరుగు రాష్ట్రం మిన్నెసోటాలో వారెన్ లీ, ఆర్లన్ ఫూర్ మొదలుపెట్టిన యాక్టివేటర్ పద్ధతి. మొదటిది నిండా చేతిపని. రెండోది పిడికిట్లో పట్టే స్ప్రింగు పరికరం చేసే పని. పైకి ఉత్తర దక్షిణ ధ్రువాల్లా కనిపించే ఈ రెండూ ఎక్కడ గట్టివాళ్ళమనుకున్నాయో అక్కడే బలహీనపడ్డాయని నాకనిపిస్తుంది.

రెండింటికీ మూలం ఒకటే. 1895లో అయోవా రాష్ట్రం డావెన్‌పోర్ట్‌లో అయస్కాంత వైద్యం చేసే డి.డి. పామర్, తానున్న భవనంలో ఊడ్చి తుడిచే పని చేసే హార్వీ లిలార్డ్ వెన్నులో ఒక ఎముక పొడుచుకొచ్చినట్టుందని గమనించి దాన్ని లోపలికి తోశాడు. ఏళ్ళ తరబడి చెవుడుతో ఉన్న లిలార్డ్‌కు దాంతో వినిపించసాగిందని పామర్ చెప్పుకున్నాడు. దాని మీద ఒక సిద్ధాంతం లేచింది. వెన్నుపూస చోటు తప్పితే నరం నలుగుతుంది, నరం నలిగితే రోగం వస్తుంది, పూసను చోటుకు తోస్తే రోగం పోతుంది. చోటు తప్పిన స్థితికి సబ్లక్సేషన్ అని పేరు పెట్టారు. బ్రిటన్‌లో కైరోప్రాక్టర్ల నమోదు చూసే జనరల్ కైరోప్రాక్టిక్ కౌన్సిలే 2010లో, ఇది చరిత్రలో మిగిలిన ఒక భావన మాత్రమేననీ, రోగాలకు ఇది కారణమనడానికి పరిశోధనల ఆధారం లేదనీ ప్రకటించింది. గాన్‌స్టెడ్ పామర్ పెట్టిన బడిలో చదివాడు, ఫూర్ లోగన్ కైరోప్రాక్టిక్ కళాశాలలో. దారి తప్పిన పూస ఒకటి ఉంటుందన్న దాంట్లో ఇద్దరికీ సందేహం లేదు. తగాదా అంతా దాన్ని కనిపెట్టేదెలా, సరిచేసేదెలా అన్న దాని మీదే.

గాన్‌స్టెడ్ 1898లో పుట్టాడు, 1923లో పామర్ బడి నుంచి బయటికొచ్చాడు. అంతకుముందు ఇంజన్లు, యంత్రాల పని మీద మోజున్న మనిషి. ఆ మోజు అతని పద్ధతి నిండా కనిపిస్తుంది. మనిషి వెన్నును అతను పునాది మీద నిలబెట్టిన కట్టడంగా చూశాడు. కటి ఎముకలు పునాది, ఒక్కో పూస ఒక్కో అంతస్తు, మధ్యలో డిస్కులు. పునాది ఒరిగితే పైఅంతస్తులు ఒరుగుతాయి కాబట్టి మెడనొప్పికైనా ముందు కటిని చూడాలన్నాడు. ఒరిగిన చోట డిస్కు దెబ్బతింటుంది, నొప్పికి అసలు మూలం అదే అన్నాడు. పూస ముందుకు జారే వీలు తక్కువ, వెనక్కి జరిగే వీలే ఎక్కువ. అందుకని తోపు ఎప్పుడూ వెనకనుంచి ముందుకే ఉండాలి, మెలిక తిప్పకూడదు. మెలిక డిస్కుకు చేటు. అతని తర్కం ఎంత పద్ధతిగా సాగుతుందంటే, ఒప్పుకోనివాడు కూడా ఒక్క నిమిషం తలూపుతాడు.

పరీక్ష కూడా అంతే పద్ధతిగా సాగుతుంది. ముందు మనిషి నడక, నిలబడే తీరు చూస్తారు. తరవాత నెర్వోస్కోప్ అనే పరికరపు రెండు మొనలను వెన్నుకు చెరోపక్క ఆనించి పైనుంచి కిందికి జార్చుతారు. రెండు పక్కల చర్మపు వేడిలో తేడా వచ్చిన చోట ముల్లు కదులుతుంది. ఆ తరవాత వేళ్ళతో తడిమి వాపు, బిగువు చూడటం, పూసను కదిలించి బిరుసు చూడటం. చివరికి మనిషిని నిలబెట్టి 14 అంగుళాల వెడల్పు, 36 అంగుళాల పొడవున్న ఫిల్ము మీద మొత్తం వెన్ను ఎక్స్‌రే. దాని మీద స్కేలు పెట్టి గీతలు గీస్తారు, ఒక్కో పూస ఎటు వంగిందో, ఎటు తిరిగిందో అక్షరాల్లో రాసుకుంటారు. పీఆర్ఎస్ అని రాస్తే వెనక్కి, కుడికి, పైకి అని లెక్క. అప్పుడు గానీ చెయ్యి పడదు. పక్కకు పడుకోబెట్టో, బోర్లా పడుకోబెట్టో, మోకాళ్ళూ ఛాతీ బల్లకు ఆనించి వంచో, మెడైతే కుర్చీలో కూర్చోబెట్టో ఒక్క పూస మీద ఒక్క తోపు. పెద్ద బలం, అతి తక్కువ సమయం.

జనం విరగబడి వచ్చారు. 1964లో మౌంట్ హోరెబ్‌లో పెద్ద క్లినిక్ కట్టాడు. దూరం నుంచి వచ్చేవాళ్ళకు పక్కనే బస, చిన్న విమానాలు దిగడానికి మట్టిదారి కూడా ఏర్పడ్డాయంటే ఆ రోజుల్లో అతని హస్తవాసి మీద జనానికి ఎంత గురి ఉండేదో ఊహించుకోవచ్చు.

ఫూర్ కథ ఇంత గంభీరంగా ఉండదు, అలసటతో మొదలవుతుంది. 1960లలో అతనూ వారెన్ లీ పూసల మీద బొటనవేళ్ళతో చురుగ్గా తోసే పద్ధతిలో పనిచేసేవాళ్ళు. రోజంతా ఆ పని చేస్తే చేతులు పీకేవి. తమ చేతికి బదులు తోసిపెట్టే సాధనం కోసం వెతికారు. ఇరుక్కుపోయిన జ్ఞానదంతాలను విరగ్గొట్టడానికి దంతవైద్యులు వాడే పరికరం ఒకటి దొరికింది. దాన్ని మార్చుకుంటూ, సొంతంగా చేయించుకుంటూ పోతే చివరికి చేతిలో ఇమిడే స్ప్రింగు పరికరం తయారైంది. మొన మీద రబ్బరు మూతి ఉంటుంది. దాన్ని పూస పక్కన ఆనించి నొక్కితే టిక్కుమంటుంది. చేత్తో చేసే తోపుకు సెకనులో పదో వంతు, ఆపైన పడితే దీని దెబ్బ ఐదు మిల్లీసెకన్ల లోపే ముగుస్తుంది. కండరం బిగదీసుకునేలోపు పని అయిపోతుందని, బలం తక్కువైనా వేగం ఎక్కువ కాబట్టి చాలునని వాళ్ళ వాదన. కైరోప్రాక్టిక్ చదివి చేతిని పక్కన పెట్టడం మామూలు తెగువ కాదు. కైరోప్రాక్టర్లలోనే ఇది కైరోప్రాక్టిక్ కాదన్నవాళ్ళు ఉన్నారు.

పరికరం సంగతి అలా ఉంచి, ఎక్కడ నొక్కాలో ఎలా తేలుస్తారన్నది చూద్దాం. ఎక్స్‌రే తప్పనిసరి కాదు, గీతలు లేవు. మనిషిని బోర్లా పడుకోబెట్టి, చెప్పులతోనే, రెండు మడమలు సమానంగా ఉన్నాయా అని చూస్తారు. ఒక కాలు పొట్టిగా కనిపిస్తే ఆ పక్క కటిలో లోపం ఉందని అనుమానం. మోకాళ్ళు వంచి మళ్ళీ చూస్తారు. ఆ తరవాత చెయ్యి నడుం మీద పెట్టుకొమ్మంటారు, తీసెయ్యమంటారు, తల ఎత్తమంటారు. ఒక్కో కదలికకూ కాళ్ళ పొడవు మారిందా లేదా అన్నదాన్ని బట్టి ఫలానా పూసే దోషి అని తేలుస్తారు. బట్టలు విప్పనక్కర్లేదు, ఎక్స్‌రే ఖర్చు లేదు, కొన్ని నిమిషాల్లో అయిపోతుంది. రోగికి ఇంతకంటే సుఖమైన పరీక్ష ఇంకోటి ఉండదు.

రెండు పరీక్షలనూ ఇప్పుడు పక్కపక్కన పెట్టండి. గాన్‌స్టెడ్ ఎక్స్‌రే గీతలకు పెద్ద ఇబ్బంది ఏమిటంటే, నొప్పి లేని మనుషుల వెన్ను కూడా తీరుగా ఉండదు. ఏ నొప్పీ లేనివాళ్ళ స్కాన్‌లను పోగుచేసి 2015లో అమెరికా పరిశోధకులు లెక్కగట్టారు. ఇరవై ఏళ్ళవాళ్ళలో 37 శాతం మందికి డిస్కు అరుగుదల కనిపించింది, ఎనభై ఏళ్ళవాళ్ళలో 96 శాతం మందికి. డిస్కు ఉబ్బడం ఇరవైల్లోనే 30 శాతం. అంటే ఎవరి ఎక్స్‌రే మీద గీతలు గీసినా ఏదో ఒక వంకర దొరుకుతుంది. నొప్పితో వచ్చినవాడికి ఆ వంకర చూపిస్తే కారణం దొరికిందని సంతోషిస్తాడు, ఇంటికెళ్ళి భయపడతాడు కూడా. దానికితోడు కటి నుంచి మెడ దాకా రేడియేషన్. ప్రమాద లక్షణాలు లేని కొత్త నడుంనొప్పికి మొదటి ఆరు వారాలు ఫిల్ము తీయొద్దని ఇప్పటి వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి.

యాక్టివేటర్ మడమల పరీక్షలో రేడియేషన్ లేదు గానీ తర్కం ఇంకా పలచన. కాళ్ళు సమానంగా ఉండే మనుషులే అరుదు. 2005లో వెలువడ్డ ఒక సమీక్షలో, నూటికి తొంభై మందికి కాళ్ళ ఎముకల్లోనే పొడవు తేడా ఉంటుందని, సగటున అది 5.2 మిల్లీమీటర్లని తేలింది. దానికి మనిషి పడుకున్న తీరు, తుంటి కండరాల బిగువు, పట్టుకుని చూసే చేతి ఒత్తిడి కలపండి. ఇద్దరు పరీక్షకులు ఒకే కాలు పొట్టి అని ఒప్పుకోవచ్చు. అలా ఒప్పుకోవడం వల్ల నడుములో ఫలానా పూస చెడిందని ఎలా రుజువవుతుందో చెప్పే దారి మాత్రం ఆ పద్ధతిలో లేదు. గాన్‌స్టెడ్ కనీసం నొప్పి ఉన్న చోట వేళ్ళు పెట్టి తడుముతాడు. ఆ తడమడంలో ఎంతోకొంత నిజం చేతికి తగులుతుంది. ఎక్కడ ముట్టుకుంటే మనిషి ఉలిక్కిపడతాడో అది మడమల్లో కనిపించదు.

సరే, గుర్తించడంలో గాన్‌స్టెడ్‌కు కొన్ని మార్కులు ఎక్కువ వేశాం. అయితే గుర్తించిన చోటే చెయ్యి పడుతుందా? 2004లో కెనడాలో కైరోప్రాక్టర్ల చేతికే పరీక్ష పెట్టారు. రోగి వీపు మీద కంపనాలు పసిగట్టే పరికరాలు అతికించి, తోపు ఇచ్చినప్పుడు వచ్చే టప్పుమనే చప్పుడు ఎక్కడినుంచి వచ్చిందో లెక్కగట్టారు. నడుము దగ్గర గురికీ చప్పుడుకీ మధ్య దూరం సగటున ఐదు సెంటీమీటర్లు దాటింది. అంటే పక్క పూస, లేకపోతే దాని పక్కది. ఇది గాన్‌స్టెడ్ పద్ధతికని ప్రత్యేకంగా పెట్టిన పరీక్ష కాదు గానీ, చెయ్యి అందరికీ చెయ్యే కదా. ఫిల్ము మీద గీత మిల్లీమీటర్లలో, వీపు మీద తోపు సెంటీమీటర్లలో. 2013లో బ్రెజిల్‌లో ఇంకో మెట్టు ముందుకెళ్ళారు. దీర్ఘకాలపు నడుంనొప్పి ఉన్న 148 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు నడుము మీద ఒక తోపు, ఇంకో జట్టుకు వీపు పైభాగంలో ఒక తోపు ఇచ్చారు. అప్పటికప్పుడు నొప్పి రెండు జట్లలోనూ తగ్గింది, ఒకదానికొకటి తేడా లేకుండా. దోషి పూసను పట్టడానికి ఒక బడి ఫిల్ముల కట్టలు ఖర్చుపెట్టింది, ఇంకో బడి మడమల శాస్త్రం రాసుకుంది. నొప్పి వీటి రెండింటి అవసరమూ లేకుండానే తగ్గుతోంది.

చేతికీ స్ప్రింగుకీ మధ్య నేరుగా పోటీ పెట్టినప్పుడు మాత్రం ఫలితం చప్పగా లేదు. అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో జరిగిన ఆ పరీక్ష 2015లో ప్రచురితమైంది. పన్నెండు వారాల లోపు నడుంనొప్పి ఉన్న 107 మందిని మూడు జట్లుగా విడదీశారు. ఒక జట్టుకు చేత్తో తోపు, రెండో జట్టుకు యాక్టివేటర్, మూడో జట్టుకు మామూలు వైద్యం. నాలుగు వారాలకు రోజువారీ పనుల్లో ఇబ్బంది కనీసం మూడో వంతుకు దగ్గరగా తగ్గినవాళ్ళు చేతి జట్టులో 76 శాతం, యాక్టివేటర్ జట్టులో 50 శాతం, మామూలు వైద్యంలో 48 శాతం. అంటే స్ప్రింగు పరికరం మామూలు వైద్యంతో సమానంగా నిలిచింది, చెయ్యి రెండింటినీ దాటింది. మూడు నెలలకు, ఆరు నెలలకు చూస్తే మూడు జట్ల మధ్యా తేడా మాసిపోయింది. చిన్న పరీక్షే, ఒక్కటే పరీక్ష. అయినా యాక్టివేటర్ సాహిత్యంలో కనిపించే ఆత్మవిశ్వాసానికి ఇది పెద్ద దెబ్బ. ఇక్కడ చేతి తోపు ఇచ్చినవాళ్ళు ఫిల్ము మీద గీతలు గీసి ఇవ్వలేదన్నది కూడా గుర్తుంచుకోవాలి. గాన్‌స్టెడ్ చెయ్యి గెలిచింది, గాన్‌స్టెడ్ స్కేలు పోటీలోనే లేదు.

చేతికి ఆ కాస్త ఆధిక్యం ఎందుకొచ్చింది? పెద్ద బలానికి కీలు చుట్టూ కండరాల బిగువు సడలి కొన్ని నాడులు కొత్తగా స్పందిస్తాయన్నది ఒక వివరణ. దానికి తోడు ఆ చప్పుడు కూడా ఉంది. 2015లో కెనడాలో ఎంఆర్‌ఐ యంత్రంలో వేలు పెట్టించి మెటిక విరిచి చూశారు. కీలు విడివడిన క్షణంలో లోపలి ద్రవంలో ఖాళీ ఏర్పడటమే చప్పుడుగా వినిపిస్తోందని తేలింది. ఎముక చోటుకు జారిన చప్పుడు కాదు అది. అయినా ఆ చప్పుడు వింటే ఎవరికైనా పని జరిగిందన్న భావన కలుగుతుంది. మంగలి షాపులో గడ్డం గీసి, చివరగా మెడ పట్టుకుని ఒక్క తిప్పు తిప్పితే వచ్చే తృప్తి మనకు తెలిసిందే. నడుం పట్టేస్తే ఎదురుకాళ్ళతో పుట్టినవాడిని పిలిచి కాలితో తన్నించుకునే ఆచారం మన పల్లెల్లో నిన్నమొన్నటి దాకా ఉండేది. అక్కడ కూడా చోటు ఖచ్చితంగా చూసేవాళ్ళు లేరు. ఒక తోపు, దాని వెనక ఒక నమ్మకం, చుట్టూ నవ్వే నలుగురు. రెండు రోజుల్లో నడుం వదిలితే ఘనత కాలికే. కొత్తగా పట్టిన నడుంనొప్పి చాలామందికి కొన్ని వారాల్లో దానంతటదే తగ్గే స్వభావం ఉన్నదని ఆ ఘనత పంచుకునేటప్పుడు ఎవరికీ గుర్తుండదు, మౌంట్ హోరెబ్‌లోనైనా మన ఊళ్ళోనైనా.

ఈ ఇద్దరి పక్కన ఒక మూడో మనిషిని కాసేపు నిలబెట్టాలి. ఇండియానా రాష్ట్రపు జేమ్స్ కాక్స్ పద్ధతిలో చప్పుడు లేదు, దెబ్బ లేదు. ఆస్టియోపతి వైద్యుడు మెక్‌మానిస్ ఇరవయ్యో శతాబ్దపు తొలినాళ్ళలో తయారుచేసిన బల్ల నుంచి అందుకున్న ఆలోచన ఇది. మనిషి బోర్లా పడుకుంటే బల్ల కింది సగం నెమ్మదిగా కిందికి వంగుతుంది, వైద్యుడు ఒక చేత్తో నడుమును ఆనిపట్టి లాగుతాడు, వదులుతాడు. 235 మందితో చేసిన ఒక పరీక్షలో వ్యాయామంతో పోల్చి చూశారు, 2006లో ఫలితాలు వచ్చాయి. కాలులోకి పాకే సయాటికా నొప్పి ఉన్నవాళ్ళకు కాక్స్ బల్ల ఎక్కువ మేలు చేసింది, మళ్ళీమళ్ళీ వచ్చే ఓ మాదిరి నొప్పి ఉన్నవాళ్ళకు వ్యాయామం మేలు చేసింది. నాకు ఇందులో నచ్చింది ఫలితం కన్నా ప్రశ్న. ఏ పూస అని అడగకుండా, ఏ మనిషికి ఏది పనికొస్తుంది అని అడిగారు.

డబ్బు సంగతి కూడా చూడాలి, ఎందుకంటే ఈ రెండు పద్ధతుల్లోనూ రోగి ఒక్కసారితో బయటపడడు. 1998లో అమెరికాలో 321 మందితో చేసిన పరీక్షలో ఒక జట్టుకు కైరోప్రాక్టిక్, ఒక జట్టుకు మెకెంజీ తరహా ఫిజియోథెరపీ, ఇంకో జట్టుకు నడుంనొప్పి గురించి ఒక చిన్న పుస్తకం ఇచ్చారు. రెండేళ్ళ ఖర్చు మొదటి రెండు జట్లకు మనిషికి 430 డాలర్ల దరిదాపుల్లో, పుస్తకం జట్టుకు 153 డాలర్లు. ఫలితాల్లో తేడా స్వల్పం. 2004లో బ్రిటన్‌లో 1334 మందితో చేసిన పరీక్షలో తోపు పద్ధతి మేలే చేసింది, మూడు నెలలకు ఓ మోస్తరుగా, ఏడాదికి కొంచెంగా. ఇన్నేళ్ళ పరీక్షల సారం ఆ కొంచెంలోనే ఉంది. అమెరికా వైద్యుల కళాశాల 2017లో నడుంనొప్పికి మాత్రలకంటే ముందు ప్రయత్నించదగ్గవాటిలో వేడి కాపడం, మర్దన, ఆక్యుపంక్చర్‌లతో పాటు వెన్ను సర్దుబాటును చేర్చింది. బ్రిటన్ మార్గదర్శకం 2016లో అదే మాటకు వ్యాయామంతో కలిపితేనే అన్న షరతు పెట్టింది. ఆ షరతు సరైనదే. పది విడతల ప్యాకేజీ అమ్మి నడవమని చెప్పని క్లినిక్‌లో ఎక్స్‌రే ఉన్నా, మడమలు కొలిచినా ఒకటే.

మన హైదరాబాదులో, విజయవాడలో ఇప్పుడు ఈ బల్లలు కనిపిస్తున్నాయి. మైకు వీపు దగ్గర పెట్టి చప్పుడు రికార్డు చేసిన వీడియోలు చూసి వెళ్ళేవాళ్ళు ఎక్కువ. బ్రిటన్‌లో 1994 చట్టం కింద కైరోప్రాక్టర్ నమోదై ఉండాలి. మన దగ్గర ఈ వృత్తికంటూ అలాంటి ప్రత్యేక మండలి లేదు. కాబట్టి బల్ల ఎక్కేముందు చెయ్యి వేసేవాడి చదువేమిటో అడిగి తెలుసుకునే భారం రోగి మీదే పడింది. మల మూత్రాలు పట్టు తప్పినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, కాలు లేవకపోయినా ఏ బల్లా ఎక్కకుండా నేరుగా ఆసుపత్రికి పోవాలి. మెడ విషయంలో ఇంకో జాగ్రత్త ఉంది. మెడను గట్టిగా మెలితిప్పినప్పుడు అరుదుగానైనా రక్తనాళం గోడ చీలి పక్షవాతం వచ్చిన కేసులు వైద్య సాహిత్యంలో నమోదయ్యాయి. మెలిక వద్దన్న గాన్‌స్టెడ్ నియమాన్ని నేను మెచ్చుకునేది ఇక్కడే. డిస్కు గురించి అతను చెప్పిన కారణం ఏదైనా, ఆ నియమం మంచిదే.

ఇక పోటీలో ఓడిన యాక్టివేటర్‌కు మిగిలిన చోటు ఒకటుంది. ఎముకలు గుల్లబారిన డెబ్భై ఏళ్ళ పెద్దావిడ నడుం పట్టుకుని వస్తే గాన్‌స్టెడ్ తోపు పడకూడదు, పూస నలిగిపోవచ్చు. చెయ్యి వేయక తప్పదనుకున్నప్పుడు ఆ రబ్బరు మూతి పరికరం లాంటి తేలికపాటి సాధనం తక్కువ చెరుపు చేస్తుంది. దాని వల్ల నొప్పి గొప్పగా తగ్గుతుందని ఆవిడకు మాట ఇవ్వకూడదు. వేడి కాపడం పెట్టుకుంటూ, పొద్దునా సాయంత్రం వీధి చివరిదాకా నడుస్తూ, మధ్యలో వారానికోసారి టిక్కుమనిపించుకుంటానంటే కాదనను. మడమలు కొలిచే తతంగం మాత్రం మానెయ్యమంటాను.